కోనసీమ ఆకాశంలో చుక్కలను, గ్రహాలను, ఉపగ్రహాలను గుర్తుపట్టడం ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి రోజూ డాబా ఎక్కి చుక్కల పేర్లు అడుగుతోంది. చెప్పాలని నాకూ ఉంది కానీ, ఇంటి చుట్టూ కొబ్బరి తోటలు కావడం వల్ల నడినెత్తిన ఉన్న ఆకాశం తప్ప మరేదీ కనిపించదు. ధ్రువ నక్షత్రం ఎక్కడుంటుందో, చుక్కల్లో గ్రహం ఏదో, చప్పుడు లేకుండా సాగిపోయే వెలుగు ఏమిటో తెలుసుకునే పద్ధతి చెప్పగలరా? ఫోన్‌లో యాప్ వేసుకున్నాం గానీ అది దిక్కులు ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తోంది. టెలిస్కోపు కొనే ఆలోచన ప్రస్తుతానికి లేదండి.

జవాబు 1:
ముందుగా చోటు మార్చండి. ఏటిగట్టు మీదకో, కోతలైన చేలోకో వెళితే దిక్కులన్నీ తెరుచుకుంటాయి. రొయ్యల చెరువుల దీపాలు మాత్రం వీపు వైపు ఉండేలా నిలబడండి. చీకట్లో గట్టు మీద పురుగూ పుట్రా ఉంటాయి కాబట్టి బూట్లు, టార్చి తప్పనిసరి. డాబాలోని ఇనుప ఊచలు ఫోన్ దిక్సూచిని తికమక పెడతాయి, బయలులో ఆ ఇబ్బంది తగ్గుతుంది.

ధ్రువుడు ఏ ఊళ్లో చూస్తే ఆ ఊరి అక్షాంశమంత ఎత్తులోనే ఉంటాడు. మనది సుమారు 16.5 డిగ్రీలు. చేయి చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు కనుక, ఉత్తరాన నేల అంచు నుంచి ఒకటిన్నర పిడికిళ్ల పైన వెతకాలి. మీ తోటలు దాచేస్తున్నది సరిగ్గా ఆ భాగాన్నే. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి తొమ్మిది ప్రాంతంలో సప్తర్షులు, అంటే నాలుగు చుక్కల చతురస్రం, మూడు చుక్కల తోక ఉన్న గుంపు, ఉత్తరాన బాగా పైకి వచ్చి ఉంటారు. చతురస్రంలో తోకకు దూరంగా ఉన్న రెండు చుక్కలు పులహుడు, క్రతువు; పులహుడి నుంచి క్రతువుకు గీత గీసి, అదే దిశలో ఐదింతలు పొడిగిస్తే ధ్రువుడు దొరుకుతాడు. తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని మసకగా ఉన్నది అరుంధతి. అమ్మాయిని ముందు ఆ జంటనే వెతకమనండి.

జవాబు 2:
గ్రహాల సంగతికి వస్తే, మీ ఇంట్లో గోడకు వేలాడే పంచాంగాన్ని మించిన సాధనం నాకు కనిపించలేదు. దాన్ని ముహూర్తాలకే వాడుకుని వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. ఆ రోజు నక్షత్రం రోహిణి అని రాసి ఉంటే, చంద్రుడు ఆకాశంలో రోహిణి ఉన్న భాగంలో నడుస్తున్నాడని అర్థం. చంద్రుడికి పిడికిలి, పిడికిలిన్నర దూరంలోపు ఎర్రగా కనిపించే పెద్ద చుక్కే రోహిణి. చంద్రుడు రోజుకు దాదాపు 13 డిగ్రీలు తూర్పుకు జరుగుతాడు కాబట్టి, ఒక నెల వెంట నడిస్తే నక్షత్రాల దారంతా తెలిసిపోతుంది. పున్నమి వెలుగులో చిన్న చుక్కలు మునిగిపోతాయి కనుక శుక్లపక్షంలో విదియ నుంచి అష్టమి వరకు చూడటం మంచిది.

గ్రహాలు కూడా ఆ దారిలోనే ఉంటాయి. గురువు, శని ఏ రాశిలో ఉన్నారో పంచాంగం చెబుతుంది. గురువు ఒక్కో రాశిలో సుమారు ఏడాది, శని సుమారు రెండున్నరేళ్లు ఉంటారు. మన గోదావరి పుష్కరాలకు ఆధారం కూడా ఈ నడకే. గురువు సింహరాశిలో ప్రవేశించినప్పుడు పుష్కరాలు వస్తాయి. 2015లో పుష్కరాల సమయాన సాయంత్రం పడమటి ఆకాశంలో గురువు, శుక్రుడు మఖ నక్షత్రానికి చేరువలో ఉన్నారు. మళ్లీ 2027లో మబ్బులు అడ్డురాకపోతే, స్నానం చేసి వచ్చిన సాయంత్రమే పడమట మఖకు దగ్గరలో గురువును మీ అమ్మాయికి చూపించవచ్చు.

శుక్రుడు సూర్యుడికి 47 డిగ్రీలకు మించి దూరం పోడు. అందుకే తెల్లవారుజామున వేగుచుక్కగానో, లేదా సాయంత్రమో తప్ప నడిరాత్రి మనకు కనిపించడు.

ప్రశ్న అడిగినవారు:
చాలా ధన్యవాదాలండి. మా నాన్నగారు కార్తెలు చూసి వ్యవసాయం చేసేవారు. అవి కూడా ఇలా పనికొస్తాయా?

జవాబు 2 రాసినవారు:
తప్పకుండా, కాకపోతే తిరగేసి చదవాలి. రోహిణి కార్తె అంటే సూర్యుడు రోహిణి దగ్గర ఉన్న రోజులు, కాబట్టి మే నెలాఖరులో ఆ నక్షత్రం అసలు కనిపించదు. అయితే ఆకాశంలో దానికి దాదాపు సరిగ్గా ఎదురుగా ఉన్నది జ్యేష్ఠ. అందువల్ల రోహిణి ఎండ చల్లారిన సాయంత్రం ఆగ్నేయంగా చూస్తే ఎర్రని జ్యేష్ఠ పైకి వస్తూ ఉంటుంది.

జవాబు 3:
మిణుకుమిణుకుమంటూ ఎరుపు, ఆకుపచ్చ దీపాలు కనిపిస్తే అది విమానం. ఆరకుండా ఒకే వేగంతో సాగే వెలుగు ఉపగ్రహం. దానికి సొంత దీపం ఉండదు; మనకు చీకటి పడినా, అంత ఎత్తున ఇంకా ఎండ తగులుతుంది కాబట్టి మెరుస్తుంది, భూమి నీడలోకి వెళ్లగానే నడి ఆకాశంలోనే మాయమవుతుంది. అందుకే చీకటి పడిన తర్వాత గంటన్నర, తెల్లవారకముందు గంటన్నర వీటికి మంచి వేళ. అన్నిటికంటే ప్రకాశంగా కనిపించేది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. అది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, దాదాపు 90 నిమిషాలకొకసారి భూమిని చుట్టివస్తూ, ఎప్పుడూ పడమటి వైపు నుంచి తూర్పు వైపుకే పోతుంది. అది వచ్చే వేళను హెవెన్స్ అబవ్ వెబ్‌సైటులో మీ ఊరు పెట్టి చూసుకోవచ్చు. మీ డీటీహెచ్ డిష్‌కు ప్రసారాలు పంపే ఉపగ్రహాలు మాత్రం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి, కంటికి కనిపించవు.

జవాబు 4:
దక్షిణాన్ని మరచిపోకండి. గోదావరి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే అంతర్వేదిలో సముద్రం వైపు ఏ చెట్టూ అడ్డు రాదు. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిది వేళ దక్షిణాన రెండు పిడికిళ్ల ఎత్తులో అగస్త్య నక్షత్రం, మే మధ్యలో అదే వేళకు ఇంకా కిందుగా సిలువ ఆకారంలోని చుక్కల గుంపు త్రిశంకు కనిపిస్తాయి. ఉత్తర భారతంలో చాలా చోట్ల త్రిశంకు నేల అంచుకు మరీ దగ్గరగా ఉండి దొరకదు. మే సెలవుల్లో అమ్మాయిని తీసుకువెళ్లండి.