అబ్జర్వేషన్ హోమ్‌లో పెద్ద పిల్లల పెత్తనం: స్వీయ నియంత్రణ ఎలా నేర్పాలి?

కొత్త కౌన్సెలర్: కేసు విచారణలో ఉన్న మైనర్లను ఉంచే మా హోమ్‌లో పదహారు దాటినవాళ్లు చిన్నవాళ్లతో బట్టలు ఉతికిస్తున్నారు, గుడ్డు లాక్కుంటున్నారు. మందలిస్తే రెండ్రోజులే. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత కాపు: ఉపన్యాసాలు ఆపండి మేడమ్. ఒక్కో పిల్లాడికి ఒకే లక్ష్యం, అదీ కంటికి కనిపించేది: ‘మంచిగా ఉంటాను’ కాదు, ‘భోజనం లైన్లో ఎవరి ప్లేటూ ముట్టను’. కార్డు మీద మూడు పూటలకు మూడు గడులు. చదువు రానివాళ్లకు బొమ్మలు. పిల్లాడు తన టిక్ పెడతాడు, హౌస్ ఫాదర్ (పిల్లల్ని చూసుకునే హోమ్ ఉద్యోగి) విడిగా పెడతాడు, రాత్రి ఐదు నిమిషాలు పోల్చాలి. రెండూ కలిస్తే పాయింట్. ‘లాక్కున్నాను’ అని నిజం ఒప్పుకున్నా పాయింటే. లేకపోతే అన్నీ దొంగ టిక్కులే. బహుమతిగా బిస్కెట్లు వద్దు, సాయంత్రానికి పెద్దవాడి జేబులో ఉంటాయి. క్యారమ్స్ అరగంట చాలు. ఇంటికి ఫోన్ మాత్రం ఎప్పుడూ బహుమతి కాకూడదు, అది వాళ్ల హక్కు.

కొత్త కౌన్సెలర్: అందరినీ ఒకే గ్రూపులో కూర్చోబెట్టి పాఠం చెప్పొచ్చా?

లీగల్ వాలంటీర్: వద్దండీ. ఏడిపించేవాళ్లనే ఒకచోట చేర్చితే గొప్పలు చెప్పుకుంటారు. తనను ఏడిపించినవాడితో బాధితుణ్ని కలిపితే రాత్రికి దెబ్బలు. ఆరుగురు మించకుండా, రకరకాల వాళ్లను కలపండి. బెయిల్ ఎప్పుడైనా రావచ్చు, కాబట్టి ఏ రోజు పాఠం ఆ రోజే పూర్తవ్వాలి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం వయసును బట్టి విడిగా ఉంచమంటుంది. పడక గదులు కలిసి ఉంటే ఏ కార్డూ పనిచేయదు, ముందు అది చూడండి.