రక్తం పట్టాలంటే ఓట్సా, రాగులా?

గోదారిపిల్ల:
మా చెల్లికి హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. డాక్టరు గారు ఐరన్ మాత్రలు రాశారు. వదినేమో "పొద్దున్నే ఓట్స్ పెట్టు, బోలెడు ఐరన్, మాత్రలెందుకు" అంటోంది. అత్తయ్య రాగి జావ చాలంటున్నారు. రోజూ ఇదే గొడవ. మీరేమంటారు?

రాగిసంకటి:
ఓట్స్ మన తిండే కాదండీ. మా చిత్తూరు వైపు సంకటి తినే పొద్దుగూకేదాకా పొలంలో పనిచేశారు. రాగుల్లో ఉన్న ఇనుము ముందు ఓట్స్ ఎంత?

పెసరట్టు:
అన్నా, ఆ మాట ఒప్పుకోను. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో ఇనుము 4.6 మిల్లీగ్రాములు. ఓట్స్‌లోనూ ఇంచుమించు అంతే. రాగులది పైచేయి కాల్షియంలో, 364 మిల్లీగ్రాములు. ఇనుమే చూస్తే సజ్జలు రెండింటికన్నా మెరుగు, 6.4.

నేను మూడేళ్లుగా ఓట్స్ తింటున్నా, కొలెస్ట్రాల్ కోసం. ఉడికితే జిగురుగా సాగుతుందే, ఆ పీచు పేరు బీటా గ్లూకాన్. రోజుకు 3 గ్రాములు అందితే చెడు కొలెస్ట్రాల్ కొంత దిగుతుంది. అమెరికాలో 1997 నుంచే ఓట్స్ డబ్బాల మీద ఆ మాట వేసుకోనిస్తున్నారు. 3 గ్రాములు అందాలంటే దాదాపు 75 గ్రాముల ఓట్స్ తినాలి. చిన్న గిన్నెతో పని జరగదు.

రక్తం సంగతి వేరు. ఒక పూట 40 గ్రాములు వండితే ఇనుము 2 మిల్లీగ్రాములు కూడా రాదు. మన ఆడవాళ్లకు రోజుకు 29 కావాలని 2020లో ఆ సంస్థే చెప్పింది. ఆ రెండులోనూ ఒంటికి పట్టేది కాస్తే. గింజలోని ఫైటిక్ ఆమ్లం ఇనుమును వదలదు. పైగా ఓట్స్‌ను ఆవిరి పట్టి అమ్ముతారు కాబట్టి ఆ పట్టు విడదీసే ఎంజైము ముందే పోతుంది. రాత్రంతా నానబెట్టినా పెద్ద తేడా ఉండదు.

రాగిసంకటి:
అంకెల్లో పొరపడ్డాను, సరే. కానీ మీరన్న ఆ పట్టు మొలకెత్తితే సడలుతుంది కదా? మా అమ్మ రాగులు ఒక రాత్రి నానేసి తడిగుడ్డలో మూట కట్టేది. తెల్లటి దారాల్లాంటి మొలకలు గుడ్డలోంచి పొడుచుకొచ్చాక నీడన ఆరబెట్టి, దోరగా వేయించి మరకు పంపేది. ఆ పని ఓట్స్‌తో చేయగలరా?

పెసరట్టు:
చేయలేం. అక్కడ మీదే న్యాయం.

గోదారిపిల్ల గారూ, ఓట్స్ పెట్టినా జావ ఇచ్చినా మాత్రలు మాత్రం ఆపకండి. 9.6ను గిన్నెడు తిండితో పైకి లాగలేం. మీ చెల్లి టిఫిన్ కాగానే టీ తాగుతుందా? టీ ఇనుమును బాగా అడ్డుకుంటుంది. ఓట్స్ ఉప్మా చేస్తే దించాక నిమ్మకాయ పిండండి, లేదా పక్కన జామకాయ ముక్కలు పెట్టండి. పుల్లటి పండ్లలోని సి విటమిన్ ఇనుము పట్టేలా చేస్తుంది.

గోదారిపిల్ల:
తాగుతుందండీ, గ్లాసు నిండా! మాత్ర కూడా ఆ టీతోనే మింగుతోంది. మాకెవరూ చెప్పలేదు.

పెసరట్టు:
అయ్యో! ఈరోజు నుంచే మాత్ర నీళ్లతో మింగించండి. టీకి, మాత్రకి మధ్య గంటో రెండు గంటలో ఎడం ఉండాలి. పాలకూ అంతే.