పెరటి పెట్టకు నీళ్ల రెట్ట, ఏ మందు వేయాలి?

ప్రశ్న (పటమట, విజయవాడ):
నాలుగు నాటు పెట్టలండీ. వానలు పట్టాక ఒకటి నీళ్లలా రెట్ట వేస్తోంది, మేత ముట్టట్లేదు, రెక్కలు వాల్చేసి మూలన కూర్చుంటోంది. నిన్న రెట్టలో ఎర్రటి జీర కనిపించింది.

జవాబు 1:
నెత్తురు జీర, వానలకు గూట్లో తడిసిన ఊక అంటే ముందు అనుమానించాల్సింది కాక్సిడియోసిస్‌నే (పేగుల్లో పరాన్నజీవుల వల్ల వచ్చే జబ్బు). 20 శాతం ఆంప్రోలియం పొడి లీటరు నీటికి 1.2 గ్రాములు, 5 రోజులు. ఏ రోజుకారోజు కొత్తగా కలపండి, వేరే నీళ్లు అందనివ్వద్దు. ఆ 5 రోజులూ బి-కాంప్లెక్స్ టానిక్ ఆపేయండి, అందులోని బి1 మందును పనిచేయనివ్వదు. తడి ఊక మొత్తం ఎత్తేసి పొడిది పరవకపోతే మళ్లీ మొదటికే వస్తుంది.

జవాబు 2:
పెట్ట మెడ కింద, రొమ్ము దగ్గర తిన్నది నిలవ ఉండే మేత సంచి కూడా తడిమి చూడండి. రాత్రి దాణా తీసేస్తే తెల్లారేసరికి ఖాళీ అవ్వాలి. గట్టి ఉండలా తగిలితే గడ్డి ఇరుక్కున్నట్టు. తిత్తిలా మెత్తగా ఉండి నోరు పుల్లటి వాసన కొడితే పులిసినట్టు. తలకిందులుగా పట్టి కక్కించే పని మాత్రం పెట్టుకోకండి, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

జవాబు 3:
అన్నట్టు, అప్పుడప్పుడూ వేసే ముదురు గోధుమరంగు జిగట రెట్ట మామూలే. ఆకుపచ్చ రెట్టతో పాటు మెడ తిప్పేస్తుంటే కొక్కెర తెగులేమో (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు), వెంటనే విడదీసి పశువుల డాక్టరుకు చెప్పండి.