మేడారంలో పర్మనెంట్ ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) కట్టాలా వద్దా?

ఓరుగల్లు వాసి: జాతర వచ్చిన ప్రతిసారీ ఇదే గోల. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా కోటి మంది దాటారని అధికారులే చెప్పారు, అంతమందికీ రేకుల టాయిలెట్లు, వెనకాల ఒక గుంత, అది నిండితే పక్కన ఇంకో గుంత. ఒక పెద్ద ఎస్టీపీ కట్టేస్తే ఈ బాధ పోతుంది కదా అని నా అభిప్రాయం. అమ్మవార్ల దగ్గరికి వచ్చే జనానికి ఆ మాత్రం చేయలేరా? మీరేమంటారు?

ప్లాంటు మనిషి: వద్దండి. నేను ఎస్టీపీలు నడిపే పనిలోనే ఉన్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నా. అక్కడ మురుగుని శుభ్రం చేసేది బ్యాక్టీరియా, మోటార్లు వాటికి గాలి అందిస్తాయి అంతే. ఆ బ్యాక్టీరియాకి రోజూ తిండి పడాలి, పడకపోతే చచ్చిపోతాయి, మళ్ళీ పెంచుకోవాలంటే మూడు నాలుగు వారాలు పడుతుంది, జాతరేమో నాలుగు రోజులు. లెక్క చూడండి. ఒక రోజు 20 లక్షల మంది ఉన్నారు, మనిషికి చెంబు నీళ్ళతో కలిపి 5 లీటర్లు అనుకుంటే కోటి లీటర్లు, అంటే 10 ఎంఎల్‌డీ (రోజుకి పది మిలియన్ లీటర్లు). ఊళ్ళో మామూలు రోజుల్లో మూడు వేల మంది ఉంటే, మనిషికి 100 లీటర్లు వేసుకున్నా 3 లక్షల లీటర్లు దాటదు. ముప్పై రెట్లు తేడా! పైగా టాయిలెట్ గుంతలో ఉండేది ఊరి డ్రైనేజీ నీళ్ళలా పల్చగా ఉండదు, దాని బీఓడీ, అంటే ఆ మురికిని తినడానికి బ్యాక్టీరియాకి కావాల్సిన ఆక్సిజన్, చాలా రెట్లు ఎక్కువ. ఒక్కసారిగా వదిలితే ఉన్న కాస్త బ్యాక్టీరియా కూడా పోతుంది.

కూకట్‌పల్లి రవి: నడుస్తున్న ప్లాంటు నుంచి బ్యాక్టీరియా ఉన్న బురద ట్యాంకర్లలో తెచ్చి వేస్తే తొందరగా స్టార్ట్ అవుతుంది కదండీ, అందరూ చేసేదే. ఇంకోటి, జనం నాలుగు రోజులే వస్తారన్నది పాత మాట, ఇప్పుడు నెల రెండు నెలల ముందు నుంచే ఆదివారాలు, బుధవారాలు కిక్కిరిసిపోతోంది, మధ్య ఏడాది మినీ జాతర కూడా ఉంది.

ప్లాంటు మనిషి: బురద తేవడం కుదురుతుంది రవి గారూ. కానీ ఆదివారం జనానికి సరిపడా కడితే జాతరకి చాలదు, జాతరకి సరిపడా కడితే మిగతా రోజులన్నీ ఖాళీగా తుప్పు పడుతుంది. 2025 ప్రయాగ్‌రాజ్ కుంభమేళానే చూడండి, ఎస్టీపీలున్న పెద్ద నగరం, అయినా స్నానపు నీళ్ళలో మల కోలిఫాం (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) 100 మి.లీ.కి 2500 అన్న పరిమితి దాటిందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) వాళ్ళే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి (ఎన్జీటీ) రిపోర్టు ఇచ్చారు.

పస్రా పిలగాడు: అన్నా, మీరు మెషీన్ల గురించి మాట్లాడుతున్రు, మా దగ్గర అసలు సంగతి నీళ్ళు. జంపన్న వాగు ఇసుకల ఇన్‌ఫిల్ట్రేషన్ బావులున్నయి, అంటే ఇసుకలకెళ్ళి ఊరే నీళ్ళు పట్టే బావులు, జాతరకు తాగే నీళ్ళు అండ్లకెళ్ళే పంపు చేస్తరు. అదే వాగు ఒడ్డుకు టాయిలెట్ గుంతలు. ఇసుక నేల, కింద ఏ షీటు ఉండదు, పొద్దున గుంతల పోసిన నీళ్ళు మాపటికి కనవడయి, యాడికి వోయినయి మరి? ట్యాంకరు తెస్తం, వరంగల్‌కు తోలుతం అంటరు గాని జాతర రోజు పస్రా రోడ్డు మీద బస్సే కదలదు, సెప్టిక్ ట్యాంకు బండి ఎట్ల కదులుతది?

ప్లాంటు మనిషి: అందుకే తమ్ముడూ, ఆ నాలుగు రోజుల్లోనే శుద్ధి చేసెయ్యాలన్న పట్టుదల వదిలేద్దాం, పట్టి దాచుకుంటే చాలు. నాలుగు రోజులకి 4 కోట్ల లీటర్లు, రెండు మీటర్ల లోతు పాండ్లు (కుంటలు) తవ్వితే అయిదెకరాలు, ఫామ్ పాండ్లకి వేసే నల్ల షీటే ఇంకొంచెం మందంగా వేయాలి. టాయిలెట్ల కింద గుంతల బదులు ట్యాంకులు పెట్టి, లోపలి రోడ్ల మీదే రాత్రిపూట ట్రాక్టర్ ట్యాంకర్లతో అక్కడికి తోలొచ్చు. తర్వాత మనకి రెండేళ్ళ టైముంది! జాతర మాఘంలో వస్తుంది, వెంటనే ఎండాకాలం, అడుగున దిగిన బురదని ఆరబెట్టే ఇసుక బెడ్ల మీద పోస్తే వానలొచ్చేలోపే ఎండుతుంది. తొందరగా క్రిములు చావాలంటే సున్నం కలిపి పీహెచ్ 12కి తెచ్చి అరగంట ఉంచితే చాలు. ఆదివారాల జనానికి, ఊరికి చిన్న ప్లాంటు ఒకటి పెట్టండి, దానికి నేను అడ్డం చెప్పను.

ఓరుగల్లు వాసి: పాండ్లలో రెండు మీటర్ల నీళ్ళు ఒక్క ఎండాకాలంలో ఎండవు కదా, పైగా వానలు పడితే పొంగితే?

ప్లాంటు మనిషి: ఎండక్కర్లేదండీ, నిలవుంటే చాలు. నెలలు గడిచేకొద్దీ నులిపురుగుల గుడ్లు అడుగుకి దిగుతాయి, క్రిములు తగ్గుతాయి, టెస్టు చేసి పైనీళ్ళు చెట్లకి పెట్టుకోవచ్చు. వానకి ఇంకో అర మీటరు గట్టు ఎత్తు ఎక్కువ కట్టాలి, అది ఖర్చులో కలుపుకోవాల్సిందే.

పస్రా పిలగాడు: అయిదెకరాలు యాడివి అన్నా? చుట్టూ ఏటూరునాగారం అభయారణ్యం, మిగిలినయి కోయోళ్ళ పొలాలు. జాతరకు ఆ పొలాలల్లనే జనం దిగుతరు, అయినంక సీసాలు, కోడి బొచ్చు ఏరుకునుడు రైతుకే. ఇది ఐదో షెడ్యూలు ఏరియా (రాజ్యాంగం ప్రకారం గిరిజన ప్రాంతం), ముందు గ్రామసభల పెట్టి అడుగున్రి, కౌలు ఎంతిస్తరు, పాండు చెడిపోతే ఎవరు చూస్తరు, కాగితం మీద రాసియ్యున్రి. స్థలం మాత్రం బావులకు దిగువనే చూడాలె, ఎగువన పెడ్తమంటే మేం ఒప్పుకోం.