మిగిలిన ఒక్క పాలూ... తరవాత మాటేంది?

కావలి: మా బళ్లో అయ్యవారు గాలి గురించి ఒక వరుస వల్లె వేయించేవారు. "78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ఆమ్లజని (ఆక్సిజన్), మిగిలిన ఒక్క పాలూ..." అక్కడికొచ్చి ఆగిపోతోంది. చివరి మాట మూడు రోజులుగా నాలిక మీదే ఉంది, బయటికి రావడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు: అన్నా, ముందు ఆ 'నత్ర' సంగతి తేలాలి. ఆతపత్రం అంటే ఎండ నుంచి కాపాడే గొడుగు, అందులో 'త్ర' అంటే కాపాడేది. న+త్ర, కాపాడనిది. ఫ్రెంచి రసాయనవేత్త లవోజియే నత్రజనికి వాడిన 'అజోట్' అనే పేరుకీ ప్రాణం లేనిదనే అర్థం. మనవాళ్లు ఎంత లోతుగా ఆలోచించారో!

నెల్లూరు: అర్థం బాగుంది గానీ సమాసం కుదరదు. ఆమ్లజని ఆమ్లాన్ని పుట్టించేది, ఉదజని (హైడ్రోజన్) నీటిని పుట్టించేది. మరి నత్రజని కాపాడనిదాన్ని పుట్టించేదా? 1790లో షప్టాల్ అనే మరో ఫ్రెంచి రసాయనవేత్త సురేకారాన్ని (నైటర్) బట్టి 'నైట్రోజన్' అన్నాడు. ఆ 'నైటర్' ధ్వనే నత్రమైంది. నత్రికామ్లంలో ఉన్నదీ అదే.

ఒంగోలు: ధ్వనే కావాలంటే 'నైత్రం' అనేవారు కదండీ. ఐత్వం తీసి అత్వం ఎందుకు పెట్టినట్టు?

పొదిలి: కాపాడనిది అంటే నేనొప్పుకోను. శనగ మొక్క పెరికి చూడండి, వేళ్లకు బుడిపెలుంటాయి. గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు, మన నెత్తుటి ఎరుపుకు చుట్టమే. అందులోని బాక్టీరియా గాలిలో నత్రజనిని పట్టి మొక్కకు ఎరువు చేసిపెడుతుంది. నత్రజని లేందే మాంసకృత్తు లేదు.

ఇందుకూరుపేట: అసలు తప్పు పేరు ఆమ్లజని. ఆమ్లాలన్నిట్లో అదుంటుందని లవోజియే నమ్మాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేనే లేదని 1810లో ఇంగ్లీషు రసాయనవేత్త డేవీ తేల్చాడు. మా రొయ్యల గుంటల్లో తెల్లారుజామున ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే 'ఆక్సిజన్ పడిపోయింది' అని పరిగెత్తుతాం. రొయ్యలు నీటిపైకి తేలి మీసాలు ఆడిస్తుంటాయి. అప్పుడు నాకు పోతన్నే గుర్తొస్తాడు, "ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను" అని. ప్రాణవాయువు అని పేరు పెట్టినవారికి దండం పెట్టాలి.

నెల్లూరు: అక్కడ బహువచనం చూశావా తమ్ముడూ? ఒంట్లో ఉంటాయనే పంచప్రాణాలు, ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమానాలు ఐదూ కదిలిపోయాయంటున్నాడు. ఆ ఐదింటినీ మనం ఒక్క వాయువులోకి కుదించేశాం.

ఇందుకూరుపేట: "ప్రాణాలు పోయాయి" అని ఇవాళ్టికీ బహువచనమే అంటాం గదన్నా. ఐదని లెక్కపెట్టుకునా?

కావలి: పెద్దలు క్షమించాలి, నా ఒక్క పాలూ అట్టాగే ఉంది.

పొదిలి: ఆ పాలులో దాదాపంతా ఆర్గానే, దేని జోలికీ పోదు. బొగ్గుపులుసు వాయువు పదివేలకు నాలుగు పాళ్లే, అయినా ఆకు తిండి వండుకునేది దాంతోనే. అదీ నీటావిరీ కలిసి వేడిని పట్టి ఉంచబట్టే భూమి సగటున 15 డిగ్రీలుంది. లేకుంటే సున్నాకు 18 డిగ్రీలు కిందే. మీ అయ్యవారు 'దుప్పటి' అన్నారేమో?

కావలి: దుప్పటి కాదన్నా. చివర 'లి' ఉంది, అంతవరకు గట్టిగా చెప్పగలను.

ఒంగోలు: 'లి' వెతుకుదాం లెండి. నైత్రం ఎందుకు కాలేదో మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.