నీళ్లు, మురుగు, చెత్త: మున్సిపల్ సైడ్ కెరీర్ ఎలా ఉంటుంది? వైజాగ్ వాళ్లు చెప్పండి

పెందుర్తి_సివిల్:
బీటెక్ సివిల్ అయింది. ఒక కాంట్రాక్ట్ కంపెనీ వాళ్లు మురుగునీటి ప్లాంట్‌లో షిఫ్ట్ ఇంజినీర్‌గా రమ్మంటున్నారు, జీతం అంతంతమాత్రం. నాన్నేమో ఏపీపీఎస్సీ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పరీక్షకి కూర్చోమంటారు. నాకు మాత్రం ఎప్పటికైనా ఊరి నీళ్లు, చెత్త, డ్రైనేజీ మొత్తం చూసుకునే పోస్టులో ఉండాలని ఉంది. ఈ మాట ఎత్తితే చాలు, మా అత్త "అమ్మాయిని ఇంత చదివించింది కాలువలు తీయించడానికా" అంటుంది. ఏది మంచిదో చెప్పండి అన్నయ్యలూ, అక్కలూ.

టెయిల్‌ఎండ్_మాస్టారు:
మొత్తం చూసుకునే పోస్టు అనేది ఒకటి ఉండదమ్మా, ముందు ఇది తెలుసుకో. జీవీఎంసీలో, అంటే మన విశాఖ కార్పొరేషన్‌లో, నీళ్లు, యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) ఇంజినీరింగ్ వాళ్లవి, చీఫ్ ఇంజినీర్ కింద. చెత్త, పారిశుద్ధ్యం ప్రజారోగ్యం విభాగానిది, అక్కడ పైన ఉండేది డాక్టరు. రెండూ కలిసేది కమిషనర్ పేషీలోనే. ఏఈగా చేరితే డీఈ, ఈఈ, ఎస్‌ఈ దాకా వెళ్లొచ్చు, కానీ ఆ నిచ్చెన ఇంజినీరింగ్ గోడకే ఆనించి ఉంటుంది.

నీళ్ల పనంటే నాకు ప్రాణం కాబట్టి దాని గురించే చెప్తా. ఏలేరు రిజర్వాయర్ నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా కాలువలో రావాలి, అదీ పరిశ్రమలతో పంచుకుంటూ. ఇవి కాక రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్లు. వేసవిలో వీటి మట్టాలే మనకు పంచాంగం. ఇవన్నీ దాటొచ్చినా కొండవాలు కాలనీలకు మళ్లీ పంపు చేసి ఎక్కించాలి, అక్కడ కరెంటు పోయిందంటే ఫోన్లు మొదలు. ప్లాంట్‌లో క్లోరిన్ ఎంత వేశామన్నది ఎవరికీ పట్టదు, చిట్టచివరి ఇంటి కుళాయి దగ్గర క్లోరోస్కోప్ గొట్టంలో నీళ్లు పట్టి చుక్కలు వేస్తే లేత పసుపు తిరగాలి. అంటే క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలి. రంగు తిరగలేదంటే దారిలో ఎక్కడో లీకేజీ ఉండొచ్చు, పక్కనే మురుగు కాలువ ఉంటే ఇక ఆ రోజు భోజనం మర్చిపోవడమే.

వార్డు_అక్క:
నేను సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీని. తెల్లారకముందే మస్టర్ (కార్మికుల హాజరు) దగ్గరుండాలి, ఎవరు రాలేదో చూసి వీధులు సర్దాలి. తడి, పొడి వేరు చెయ్యాలని 2016 రూల్స్‌లోనే ఉంది, జనం మాత్రం ఒకే కవర్లో కట్టి ఇస్తారు. ఆ కొబ్బరి బొండాలూ, అన్నం కలిసిన చెత్తే కాపులుప్పాడకు వెళ్తుంది. అక్కడ చెత్తతో కరెంటు తీసే ప్లాంటు ఉంది కదా, తడి ఎక్కువైతే సరిగ్గా మండదు. అంటే అక్కడి సమస్య మా వీధిలో మొదలవుతుంది. మీ అత్తగారికి చెప్పండి, 2017 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో వైజాగ్ దేశంలో మూడో స్థానంలో నిలిచింది, అది ఊరికే రాలేదని. అయినా కార్మికుల జీతం ఆలస్యమైన నెల వాళ్ల మొహం చూడ్డం ఉంటుందే, ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు.

బురద_ఇంజినీర్:
ప్రైవేట్ ప్లాంట్లలోనే ఉన్నాను, ఆఫర్ తీసుకో అంటాను, కానీ ఒక షరతు. ల్యాబ్‌లోకి రానిస్తారా, లాగ్‌బుక్ నింపడమేనా అని ముందే అడుగు. లీటరు జాడీలో ఏరేషన్ ట్యాంకు (మురుగులోకి గాలి ఊదే ట్యాంకు) నీళ్లు పోసి అరగంట చూడాలి, బురద దూదిలా తేలుతోందా, చక్కగా కిందకు దిగి పైన తేట మిగిలిందా. రోజూ అది చూసిన కళ్లకు మీటరు చెప్పకముందే ప్లాంటు జబ్బు తెలుస్తుంది. పుస్తకం చదివి ఏఈ అయినవాళ్లకి కాంట్రాక్టరు చెప్పిందే వేదం, నీకు అలా ఉండదు.

ఇంకోటి, మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించమని ఎవరు చెప్పినా సంతకం పెట్టకు. మనుషులతో మురుగు తీయించడాన్ని అడ్డుకునే 2013 చట్టం ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే వాసన కూడా తెలియదు, ముక్కు చచ్చిపోతుంది, "వాసన లేదు సార్" అని దిగినవాడు పైకి రాడు. గ్యాస్ డిటెక్టర్ లేని సైట్ అయితే చేరొద్దు.

పెందుర్తి_సివిల్:
థాంక్యూ అందరికీ. నైట్ షిఫ్ట్ ఉంటుందట, ఇంట్లో అదొక టెన్షన్. షిఫ్ట్ చేస్తూ ఏఈకి చదవడం కుదురుతుందా?

బురద_ఇంజినీర్:
రాత్రి ఇన్‌ఫ్లో (ప్లాంట్‌లోకి వచ్చే మురుగు) తగ్గుతుంది, చదువుకునే టైం దొరుకుతుంది, వర్షం పడనంత వరకు. రానుపోను వెహికల్ ఇస్తారో లేదో ఆఫర్ లెటర్లో రాయించుకో, నోటిమాట వద్దు.

టెయిల్‌ఎండ్_మాస్టారు:
గేట్ కూడా రాయమ్మా, సిలబస్ చాలావరకు ఒకటే. స్కోరు వస్తే ఎన్విరాన్‌మెంటల్‌లో ఎంటెక్ చెయ్యొచ్చు, పొల్యూషన్ బోర్డు ఉద్యోగాలకు పనికొస్తుంది. అత్తగారి సంగతి కుళాయి రాని రోజు చూసుకుందాం.