విండోస్ 7 ఇన్‌స్టాల్ చేస్తుంటే మొదటి స్క్రీన్ దగ్గరే కీబోర్డు, మౌస్ రెండూ ఆగిపోతున్నాయి, ఏం చేయాలి?

తెనాలి_డీటీపీ:

అందరికీ నమస్కారం. తెనాలిలో చిన్న డీటీపీ షాపు నాది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తాం. 2010లో కొన్న కోర్ 2 డుయో సిస్టమ్ పోయిన వారం ఉన్నట్టుండి ఆగిపోయింది, మదర్‌బోర్డు పోయిందన్నారు. హార్డ్ డిస్క్ మాత్రం బాగానే ఉంది. సెకండ్ హ్యాండ్‌లో ఐ3-6100, హెచ్110 బోర్డు, 4 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్ ఒకటి తెచ్చాను. మా పనంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7లో, యూనికోడ్ కాని అను తెలుగు ఫాంట్లలో. పదిహేనేళ్ల ఫైళ్లు అన్నీ అందులోనే ఉన్నాయి, ఇన్నాళ్లూ విండోస్ 7 32-బిట్ మీద ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది కాబట్టి దీంట్లో కూడా అదే వేద్దామనుకున్నాను. యూనికోడ్‌కి మారొచ్చు కదా అని చెప్పేవాళ్లకి ముందే దండం, మారతాను, కానీ మాఘమాసం ముహూర్తాల కార్డులు నెత్తి మీద ఉండగా కాదు.

సమస్య ఇది. రూఫస్ అనే టూల్‌తో విండోస్ వేసే పెన్ డ్రైవ్ చేశాను. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో, కీబోర్డు చక్కగా పనిచేస్తుంది, బూట్ మెనూలో పెన్ డ్రైవ్ ఎంచుకోవడానికీ పనిచేస్తుంది. విండోస్ లోగో వచ్చి, భాష ఎంచుకోమనే స్క్రీన్ రాగానే కీబోర్డు లేదు, మౌస్ లేదు. నమ్ లాక్ నొక్కితే లైటు కూడా వెలగదు. మూడు కీబోర్డులు మార్చాను, ముందు వెనక ఉన్న అన్ని పోర్టులూ చూశాను, నీలం రంగువీ నల్లవీ. పెన్ డ్రైవ్ రెండుసార్లు మళ్లీ చేశాను. హార్డ్‌వేర్ చూసే అబ్బాయి యూఎస్‌బీ కంట్రోలర్ పోయింది, బోర్డు మార్చాలి, 3,000 అవుతుంది అంటున్నాడు. నిజంగా బోర్డేనా? రెండు రోజుల నుంచి నిద్ర లేదు, దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

రాత్రి_డ్యూటీ:

బయోస్‌లో లెగసీ యూఎస్‌బీ సపోర్ట్ (విండోస్ రాకముందు యూఎస్‌బీ కీబోర్డుని పనిచేయించేది) ఎనేబుల్‌లో ఉందా చూడండి అన్నా. ఫాస్ట్ బూట్ ఉంటే ఆపేయండి. నా పాత హాస్వెల్ (మీ ఐ3 కంటే ముందు వచ్చిన ఇంటెల్ తరం) సిస్టమ్‌లో ఇలాగే అయితే నల్ల పోర్టుకి మార్చగానే పనిచేసింది.

తెనాలి_డీటీపీ:

లెగసీ ఎనేబుల్‌లోనే ఉంది తమ్ముడూ. ఫాస్ట్ బూట్ ఆపి చూశాను. నల్ల పోర్టులూ అంతే.

పాత_సిస్టమ్స్_వరంగల్:

బోర్డు మార్చకండి. ఆ 3,000 జేబులోనే ఉంచుకోండి. మీ బోర్డు బాగుంది, కీబోర్డూ బాగుంది.

ఇలాంటివాటిలో నేను మొట్టమొదట అడిగేది కీబోర్డు ఏ దశలో ఆగింది అని. ఆ ఒక్క మాటతో సగం తేలిపోతుంది. బయోస్‌లోనే పనిచేయకపోతే కీబోర్డో, పోర్టో, ఫాస్ట్ బూటో చూడాలి. బయోస్‌లో పనిచేసి బూట్ మెనూలో ఆగిపోతే లెగసీ సెట్టింగు. మీకు ఆ రెండూ దాటి, విండోస్ తన సొంత డ్రైవర్లతో నడవడం మొదలుపెట్టాక ఆగింది. యూఎస్‌బీ కంట్రోలర్ పోయి ఉంటే బయోస్‌లో కీబోర్డు ఎలా పనిచేస్తుంది, ఆ పెన్ డ్రైవ్ నుంచి బూట్ ఎలా అవుతుంది? అంటే లోటు విండోస్ వైపు ఉంది.

విండోస్ 7 వచ్చింది 2009లో. దాని సెటప్‌లో యూఎస్‌బీ 2.0 కంట్రోలర్లకి, అంటే ఈహెచ్‌సీఐకి డ్రైవర్ ఉంది, యూఎస్‌బీ 3.0 వాడే ఎక్స్‌హెచ్‌సీఐకి లేదు. ఇంటెల్ 2012 నుంచి చిప్‌సెట్‌లో, అంటే బోర్డు మీది ముఖ్య చిప్‌లో, 3.0 ఇచ్చినా పక్కనే పాత ఈహెచ్‌సీఐని కూడా ఉంచింది, అందుకే పైన తమ్ముడి హాస్వెల్‌లో నల్ల పోర్టు పనిచేసింది. 2015లో స్కైలేక్ తరం ప్రాసెసర్లతో వచ్చిన 100 సిరీస్ చిప్‌సెట్లలో ఆ పాతదాన్ని తీసేశారు. మీ హెచ్110 ఆ సిరీస్‌దే. నల్ల పోర్టులు పేరుకే 2.0, లోపల అవి కూడా ఎక్స్‌హెచ్‌సీఐ కిందే ఉంటాయి. కాబట్టి మీరు ఎన్ని పోర్టులు మార్చినా తేడా రాదు. ఈ తరం బోర్డుల మీద ఇదే కారణంతో తిరిగొచ్చిన సిస్టమ్స్ నేను చాలా చూశాను, పాపం ఎవరో ఒకరు బోర్డు మార్పించుకునే వస్తారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఇప్పుడు చేయాల్సింది. సిస్టమ్ వెనక గుండ్రంగా, సగం ఊదా సగం ఆకుపచ్చ రంగులో ఒక పోర్టు ఉందేమో చూడండి, అది పీఎస్/2. దానికి యూఎస్‌బీతో సంబంధం లేదు, విండోస్ 7కి పుట్టుకతోనే తెలుసు. పాత పీఎస్/2 కీబోర్డు సంపాదించండి. యూఎస్‌బీ కీబోర్డుకి చిన్న కన్వర్టర్ తగిలించినా చాలు అంటారు కానీ ఆ రెండు పద్ధతులూ తెలిసిన కీబోర్డు అయితేనే అది పనిచేస్తుంది, ఇప్పటి చవక కీబోర్డులు ఎక్కువగా చేయవు. ఇంకో ముఖ్యమైన మాట, సిస్టమ్ ఆన్‌లో ఉండగా పీఎస్/2 పెట్టకండి, తీయకండి. ఆపి, పెట్టి, అప్పుడు ఆన్ చేయండి.

ఆ పోర్టు లేకపోతే బయోస్‌లో వెతకండి. ఈ తరం బోర్డుల్లో కొన్నింటికి 'విండోస్ 7 ఇన్‌స్టలేషన్' అని, కొన్నింటికి 'పోర్ట్ 60/64 ఎమ్యులేషన్' అని ఆప్షన్ ఉంటుంది. అది ఆన్ చేస్తే యూఎస్‌బీ కీబోర్డునే పీఎస్/2 కీబోర్డులా చూపిస్తుంది.

తెనాలి_డీటీపీ:

అన్నా మీకు వెయ్యి దండాలు. ఆ పోర్టు ఉంది! పక్క వీధిలో జెరాక్స్ షాపులో మూలన పడేసిన ఊదా పిన్ను కీబోర్డు తెచ్చి పెట్టాను, భాష స్క్రీన్‌లో పనిచేసింది. కానీ 'ఇన్‌స్టాల్ నౌ' నొక్కాక సీడీ/డీవీడీ డ్రైవ్‌కి డ్రైవర్ లేదు, ఫ్లాపీ, సీడీ, పెన్ డ్రైవ్ ఏదైనా ఉంటే పెట్టండి అని ఎర్రర్ వస్తోంది. నా సిస్టమ్‌లో డీవీడీ డ్రైవే లేదు కదా! బ్రౌజ్ నొక్కితే పెన్ డ్రైవ్ అసలు కనపడటం లేదు.

పాత_సిస్టమ్స్_వరంగల్:

కంగారు పడకండి, ఇది కూడా అదే జబ్బు. మొదట్లో పెన్ డ్రైవ్ నుంచి సెటప్‌ని చదివి ర్యామ్‌లో పెట్టింది బయోస్. ఆ తర్వాత విండోస్ లేచి పెన్ డ్రైవ్ ఎక్కడ అని చూస్తే, మధ్యలో ఉన్న కంట్రోలర్‌కి డ్రైవర్ లేదు. తాను ఏ పెన్ డ్రైవ్ నుంచి వచ్చిందో దాన్నే అది చూడలేకపోతోంది. డీవీడీ అని రాయడం మనల్ని దారి తప్పించడమే.

రెండు దారులున్నాయి. మీ పాత సిస్టమ్‌లో డీవీడీ రైటర్ ఉందా? ఉంటే దాని కేబుల్ చూడండి. సన్నటి సాటా కేబుల్ అయితే ఈ బోర్డుకి తగిలించవచ్చు, వెడల్పాటి రిబ్బన్‌లా ఉంటే అది ఐడీఈ, ఈ బోర్డులో దానికి చోటుండదు. సాటా అయితే ఇంకేం ఆలోచించకండి, విండోస్ 7 ఐఎస్ఓని (మొత్తం డిస్కు నకలు ఉండే ఫైలు) డీవీడీ మీద రాసి దానితోనే వేసేయండి, 32-బిట్‌ది ఒక్క మామూలు డీవీడీలో పడుతుంది. ఇంటెల్ యూఎస్‌బీ 3.0 డ్రైవర్‌ని, విండోస్ 7 32-బిట్‌కి పనికొచ్చేదాన్ని, వేరే సీడీలో రాసుకోండి. విండోస్ వచ్చాక కూడా ఆ డ్రైవర్ వేసేదాకా పెన్ డ్రైవ్ కనపడదు.

డీవీడీ లేకపోతే వేరే కంప్యూటర్‌లో డిస్మ్ అనే టూల్‌తో ఆ డ్రైవర్‌ని సెటప్ ఫైళ్లలోకే ఎక్కించాలి. ఆ ఫైళ్లలో బూట్.విమ్ అనేదాంట్లో 1, 2 అని రెండు ఇమేజ్‌లు ఉంటాయి, రెండింటికీ ఎక్కించాలి, ఇన్‌స్టాల్.విమ్‌లో మీరు వేయబోయే ఎడిషన్‌కి కూడా. చాలామంది బూట్.విమ్‌లో మొదటిదానికే ఎక్కించి ఊరుకుంటారు, అసలు సెటప్ నడిచేది రెండోదాంట్లో. మార్చడానికి తెరిచిన (మౌంట్ చేసిన) ఇమేజ్‌ని మూసేటప్పుడు కమిట్ అని చెప్పకపోతే చేసిందంతా పోతుంది. కొన్ని బోర్డుల కంపెనీలు ఇదంతా ఒక్క క్లిక్కుతో చేసే చిన్న టూల్ కూడా ఇచ్చాయి, మీ బోర్డు మోడల్ పేజీలో ఉందేమో చూడండి.

ఒక్కటి మాత్రం మనస్ఫూర్తిగా చెబుతున్నా. పాత హార్డ్ డిస్క్ కేబుల్ ఇన్‌స్టాల్ అయ్యేదాకా పీకేసి ఉంచండి. మౌస్ లేకుండా బాణం గుర్తులతో డిస్క్ ఎంచుకునేటప్పుడు ఒక్క గీత అటూ ఇటూ అయితే పదిహేనేళ్ల పని పోతుంది.

కరీంనగర్_ల్యాబ్:

ఇంకో మార్గం కూడా ఉంది, నా ఉద్దేశంలో ఇదే మంచిది. ఇప్పటి ఆపరేటింగ్ సిస్టమ్ ఏదైనా వేసి, దాంట్లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి లోపల విండోస్ 7 వేసుకోవచ్చు. అక్కడ కీబోర్డు పీఎస్/2 లాగే కనిపిస్తుంది కాబట్టి ఈ గొడవే ఉండదు. 4 జీబీతో ఇబ్బంది, ర్యామ్ 8 చేయాలి. ఏదైనా సరే విండోస్ 7ని ఇంటర్నెట్‌కి కలపకండి. 2020 జనవరి 14తో దానికి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, కస్టమర్ల పెన్ డ్రైవ్‌లు రోజూ తగిలించే షాపు మీది.

జీ31_యూజర్:

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నాది దీనికంటే పాతది, జీ31 బోర్డు. బయోస్‌లో కీబోర్డు పనిచేస్తుంది, లినక్స్ మెనూ దగ్గర బాణం గుర్తులు కదలవు, పది సెకన్లు అయ్యాక అదే ముందుకు వెళ్లిపోతుంది.

పాత_సిస్టమ్స్_వరంగల్:

మీది రెండో దశ. బయోస్‌లో 'యూఎస్‌బీ కీబోర్డ్ సపోర్ట్' అని ఉంటుంది, డిసేబుల్‌లో ఉంటే ఎనేబుల్ చేసి సేవ్ చేయండి. సేవ్ చేసినా ఆపి వేస్తే మళ్లీ పాత సెట్టింగే వస్తుంటే బోర్డు మీద గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ మార్చండి.

తెనాలి_డీటీపీ:

అయిపోయిందన్నా. పాత డీవీడీ రైటర్ సాటాదే. రాత్రి పదకొండుకి మొదలుపెట్టి పన్నెండున్నరకి విండోస్ వచ్చింది. మౌస్ లేకుండా ట్యాబ్, స్పేస్, ఎంటర్‌లతోనే నడిపాను. లైసెన్స్ ఒప్పుకునే గడిలో టిక్ పెట్టడానికి స్పేస్ నొక్కాలని తెలియక కాసేపు ఆగిపోయాను, ఇంకెవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నా. సీడీ నుంచి యూఎస్‌బీ డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేయగానే మౌస్ లైటు వెలిగింది. పొద్దున పాత డిస్క్ కలిపి, కరీంనగర్ అన్న చెప్పినట్టు నెట్ కేబుల్ తగిలించకుండా, ఫైళ్లన్నీ రెండు చోట్ల కాపీ పెట్టాను. ఇప్పుడే మొదటి కార్డు ప్రూఫ్ తీశాను, అక్షరాలు ఎక్కడా చెదరలేదు. జెరాక్స్ షాపాయన కీబోర్డు నన్నే ఉంచుకోమన్నాడు.